కిటికీ పిడికి గళ్ళ గుడ్డ

కోల్డర్‌షా
14 మార్చి 2014, శుక్రవారం

ఏవ్రిల్,

అక్క ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటా అనుకుంటున్నావు కదూ. ఫోన్‌లో మాట్లాడుతుంటే మీ బావ గుమ్మం దగ్గర నిలబడి వింటాడు. ఎవరి గురించో అర్థం కాదు గానీ, ఏదో చెడు జరుగుతోందని మాత్రం పసిగట్టేస్తాడు. ఇక ఆ రోజంతా కోటు తొడగడం, విప్పడం, మళ్ళీ తొడగడం. అందుకే కాగితం. నువ్వు కూడా కాగితం మీదే జవాబివ్వు.

మా హాలిన్ పార్కులో కెఫే మూసేస్తారట. సోమవారం తలుపు మీద నోటీసు అంటించి పోయారు. 'భవన వినియోగం తక్కువగా ఉన్నట్లు కనిపించుచున్నందున, పరిశీలన అనంతరం జూన్ నెలలో నిర్ణయం తీసుకొనబడును.' వినియోగం తక్కువట! పొద్దున్న పదింటికి వచ్చి ఒక్క ఖాళీ కుర్చీ చూపించమను. పదకొండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళం జీతం భత్యం లేకుండా వంతులు వేసుకుని నడుపుతున్నాం, ఎవడి కళ్ళు పడ్డాయో మరి.

నా భయం నీకు వేరే చెప్పాలా? మీ బావ క్లిఫర్డ్ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ పార్కులోనే బౌల్స్ బంతులాట ఆడే పచ్చికకి కాపు కాశాడు. ఇంట్లో ఆయనకిప్పుడు ఏదీ గుర్తుండదు. మొన్న నన్ను "అమ్మగారూ, మీ ఇల్లెక్కడండీ? వాన వచ్చేలా ఉంది, బయల్దేరండి" అన్నాడు. నలభై తొమ్మిదేళ్ళ కాపురం! అదే కెఫేలో అడుగుపెడితే మనిషే వేరు. ఏప్రాన్ కట్టుకుంటాడు. గోడకున్న ముప్ఫై కొక్కేల్లో ఎవరి కప్పు ఏ కొక్కేనిదో తడుముకోకుండా తీస్తాడు. కెటిల్ పట్టుకుని బల్ల బల్లకీ తిరిగి టీ పోస్తాడు. నాకూ పోస్తాడు. "పంచదార వెయ్యమంటారా మేడమ్?" అంటాడు. వద్దంటాను. మా కాపురం ఇప్పుడు ఆ రెండు ముక్కలే. ఆ ఒక్క చోటూ లేకపోతే ఇంట్లో ఉంచుకుని చూసుకోవడం నా వల్ల కాదని, ముసలివాళ్ళ హోమ్‌లో చేర్చక తప్పదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది.

ఇంకో సంగతి. మంగళవారం, గురువారం, రెండుసార్లు ఒకడు వచ్చాడు. బూడిద రంగు వానకోటు, సన్న మీసం, చేతిలో చిన్న పుస్తకం. ఒక టీ తీసుకుని తాగకుండా మూల బల్ల దగ్గర కూర్చుని కళ్ళు తిప్పుతూ ఏదో రాసుకున్నాడు. కౌన్సిల్ మనిషే అంటుంది నోరీన్. ఆ మాటకి భయపడి వాణ్ణి చూడగానే మా వాళ్ళు జారుకున్నారు, ఇద్దరు ముగ్గురే మిగిలారు. కెఫే వంటిల్లు చూసేది తనే కదా, కేకులు ఇళ్ళల్లో చేసుకొస్తామని, రోజూ వచ్చే ఎర్నెస్ట్ కుక్క టాఫీ లోపలే పడుకుంటుందని వాడు పట్టుకుంటాడని దాని బెంగ. నా బెంగ వేరు. మతి సరిగా లేని మనిషి చేతిలో మరిగే కెటిల్ ఉందని రాశాడంటే ఏమిటి గతి? దానికి నేనొక ఉపాయం ఆలోచించాను. పని చేస్తే రాస్తాను.

నీ అక్క,
బెరిల్


విట్బీ
19 మార్చి

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇక్కడ సముద్రపు పక్షులు మళ్ళీ మా పొగగొట్టం మీద గూడు పెట్టాయి, అరుపులతో చెవులు చిల్లులు పడుతున్నాయి. మా ఆయన లెన్ బతికుండగా చీపురు పట్టుకుని తరిమేవాడు. ఇప్పుడు పోట్లాడే ఓపిక నాకు లేదు, ఉండనీ అనుకుంటున్నాను. ఇంట్లో ఏదో ఒక చప్పుడు.

ఇరవై ఆరేళ్ళు కౌన్సిల్ గుమాస్తాగా చేశాను కనుక చెబుతున్నాను, వాళ్ళందరూ రాక్షసులు కారు. ఆ వానకోటు మనిషి దగ్గరికి వెళ్ళి పేరేమిటని అడగరాదూ? నేను కూడా ఒకరిని అడిగి కనుక్కుంటాను.

కోప్పడనంటే ఒక మాట. బావ సంగతి ఎప్పటికైనా ఆలోచించక తప్పదు. ఇక్కడ మా వీధి చివర మంచి హోమ్ ఒకటి ఉంది, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. నువ్వు నా దగ్గరే ఉండవచ్చు. మేడ మీది గది ఖాళీగానే ఉంది.

బావని అడిగానని చెప్పు.
ఏవ్రిల్


కోల్డర్‌షా
29 మార్చి

ఏవ్రిల్,

కోప్పడనంటేనే చెబుతానంటావు, నా జవాబు కోసం ఆగకుండా చెప్పేస్తావు. చిన్నప్పటి నుంచీ నీకిదే అలవాటు. మేడ మీద గది సంగతి ఇంకెత్తకు. ఇంతకీ 'ఒకరిని అడిగి కనుక్కుంటాను' అన్నావు, ఎవరిని? పేరెందుకు రాయలేదు?

నా ఉపాయం బ్రహ్మాండంగా పని చేస్తోంది. గేటు దగ్గర వానకోటు కనపడగానే కప్పులు తుడిచే ఎర్ర గళ్ళ గుడ్డని నోరీన్ కిటికీ పిడికి తగిలిస్తుంది. అది చూడగానే అందరూ వెనక తలుపులోంచి పచ్చిక అవతల షెడ్డులోకి పోతారు. ఎర్నెస్ట్ కుక్కని చంకన పెట్టుకుంటాడు, కేకులు బల్ల కిందికి పోతాయి, నేను క్లిఫర్డ్ ఏప్రాన్ విప్పి చెయ్యి పట్టుకుని నడిపిస్తాను. ఒకటిన్నర నిమిషం! ఎర్నెస్ట్ గడియారం పెట్టి మరీ చూశాడు. వాడు పోయాక గుడ్డ తీసేస్తే మళ్ళీ అందరూ లోపలికి. ఇప్పటికి ఆరుసార్లు వచ్చాడు, ఒక్క తప్పూ పట్టుకోలేకపోయాడు. మొదట్లో ఇద్దరు ముగ్గురు దొరికేవారు, ఇప్పుడు నోరీన్ తప్ప పిట్ట లేదు. వాడి మొహం చూడాలి నువ్వు. ఎర్నెస్ట్ సగం తాగిన కప్పు వంక, అందులోంచి వచ్చే పొగ వంక అలా చూస్తూ కూర్చుంటాడట.

ఒక్కసారే దొరికిపోయామనుకున్నాను. గురువారం వాడు నేరుగా షెడ్డు దగ్గరికే వచ్చి, బయట నిలబడ్డ క్లిఫర్డ్‌ని పలకరించాడు. "ఈ కెఫేకి వస్తుంటారాండీ?" అన్నాడు. మీ బావ నిటారుగా నిలబడి "డ్యూటీలో ఉండగా టీ తాగనండీ" అన్నాడు. వాడు అదీ రాసుకున్నాడు. మా వాళ్ళంతా పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలీలేదు.

బెరిల్


విట్బీ
3 ఏప్రిల్

అక్కా,

నీకు దణ్ణం పెడతాను, ఆ గుడ్డ తగిలించడం ఆపు. వెంటనే ఆపు. అతను వచ్చినప్పుడు ఎప్పటిలాగే అందరూ కూర్చోండి, కుక్కా, కేకులూ, బావా అన్నీ మామూలుగా ఉండనీ. ఎందుకని అడగకు. చెప్పకూడని మాట ఒకటి నా దగ్గర ఉంది, చెప్పనని మాటిచ్చాను. నన్ను నమ్ము.

దీంతో పాటు టాఫీ మిఠాయి డబ్బా పంపుతున్నాను. ఎర్నెస్ట్ కుక్కకి దాని పేరిటి మిఠాయి పెట్టకండి, పళ్ళకి అతుక్కుంటుంది. హోమ్ వాళ్ళు ఇచ్చిన రంగుల పుస్తకం కూడా డబ్బాలో పెట్టాను, ఊరికే, తీరిక ఉన్నప్పుడు చూడటానికి.

ఏవ్రిల్


కోల్డర్‌షా
9 ఏప్రిల్

శ్రీమతి ఏవ్రిల్ గారికి,

మీ రంగుల పుస్తకం తిరుగు టపాలో పంపుతున్నాను. మిఠాయి డబ్బా కూడా.

నిన్న ఆ వానకోటు మనిషి చేతులు కడుక్కోవడానికి లేచి పుస్తకం బల్ల మీదే మరిచాడు. షెడ్డుకి పోకుండా నేను వంటింటి తలుపు వెనక నక్కి ఉన్నాను. తీసి చూశాను. సిగ్గుపడటం లేదు, ఎవరైనా చూస్తారు. ఒక పేజీ నిండా సున్నాలు, ఒకట్లు, రెండ్లు. మా తప్పులకి వేసిన మార్కులు కాబోలు, సున్నాలు ఎక్కువుంటే గెలిచినట్టేనని అక్కడికక్కడే సంబరపడ్డాను కూడా. పేజీ తిప్పితే ఏముంది? 'ఏవ్రిల్, విట్బీ, సాయంత్రం ఫోన్ చేయాలి.' కింద మీ ఇంటి నంబరు.

ఇప్పుడు అన్నీ కలిశాయి. అందరినీ మామూలుగా కూర్చోమన్నారు, ఎందుకని అడగొద్దన్నారు. కెటిల్ పట్టుకుని క్లిఫర్డ్ వాడి కంటపడాలి, వాడు రాసుకోవాలి, కెఫే మూతపడాలి, ఆయన మీ వీధి చివరికి రావాలి, నేను మీ మేడ మీదికి. సముద్రం కనిపిస్తుందని ఆశ కూడా పెట్టారు. నా వెనకే తిరిగిన చెల్లెలు నా వెనకే ఇంత గొయ్యి తవ్వుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఇక రాయవద్దు.

బెరిల్ గార్‌సైడ్


విట్బీ
11 ఏప్రిల్

అక్కా,

చించి పారేసే ముందు చదువు. మూడు నిమిషాలు చాలు.

అతని పేరు డెస్మండ్ ఆక్రాయిడ్. మా ఆఫీసులో పక్క బల్ల దగ్గర పన్నెండేళ్ళు పని చేశాడు. నీ మొదటి ఉత్తరం చూసి మీ కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే అతని పేరే చెప్పారు. అతను కేకులు చూడటానికి రాలేదు, కుక్కని చూడటానికి రాలేదు. పన్నెండు పొద్దుటిపూటలు కూర్చుని, ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టడం ఒక్కటే అతని పని. ఆ సున్నాలూ ఒకట్లూ మార్కులు కావక్కా. మనుషులు. మీరు ఒకటిన్నర నిమిషంలో ఖాళీ చేసిన మనుషులు.

తను వచ్చేది లెక్కకని ఎవరికీ తెలియకూడదు, తెలిస్తే జనాన్ని పోగేశారంటారు, ఆ లెక్క చెల్లదు అని డెస్మండ్ నా దగ్గర మాట తీసుకున్నాడు. అందుకే నోరు విప్పలేకపోయాను. ఇవాళ ఆ మాట తప్పుతున్నాను. "ఏవ్రిల్, అదేం కెఫేనో నాకు అర్థం కావడం లేదు, కుర్చీలు ముట్టుకుంటే వెచ్చగా ఉంటాయి, మనిషి ఉండడు" అన్నాడు పాపం. అతనికీ ఏదో అనుమానంగానే ఉంది.

పది అయిపోయాయి. మిగిలినవి రెండే, వచ్చే మంగళవారం, గురువారం.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, లేకపోతే నాకు నిద్ర పట్టదు. నీ అనుమానం పూర్తిగా తప్పు కాదు. డెస్మండ్ మొదటిసారి ఫోన్‌లో ఆ సున్నాల సంగతి చెప్పిన సాయంత్రం, అయితే అక్క నా దగ్గరికి వచ్చేస్తుంది అనుకున్నాను. సంతోషించాను. ఒక్క సాయంత్రమే. లెన్ పోయాక ఈ ఇంట్లో పక్షుల అరుపులు తప్ప ఏమీ లేవక్కా. తిట్టు, పడతాను. కానీ ఆ గుడ్డ తీసెయ్యి.

ఏవ్రిల్


కోల్డర్‌షా
18 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

చెల్లీ,

ఇవాళ టపా కదలదని తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

నీ ఉత్తరం చదివి వంటింట్లో నేల మీదే చతికిలబడ్డాను. ఇన్ని రోజుల సున్నాలు నా చేత్తో నేనే పెట్టాను కదే! శనివారమే నోరీన్ ఇంటికి పరుగెత్తాను. గడప దాటనివ్వలేదు.

"ఎవరు చెప్పారు నీకు?" అంది.

"మా చెల్లెలు."

"ఆ కౌన్సిల్ గుమాస్తా చెల్లెలా? వాడి పుస్తకంలో పేరున్న చెల్లెలేనా? మొన్న నువ్వేగా బల్లగుద్ది మరీ చెప్పావు, అది వాళ్ళ మనిషని!"

"పొరపాటు పడ్డాను, నోరీన్."

"అప్పుడు పొరపాటో, ఇప్పుడు పొరపాటో నాకేం తెలుసు? అందరం లోపల కూర్చుంటే అందరినీ ఒకేసారి పట్టుకుంటాడు. నిన్నూ బుట్టలో వేశారు."

ఐదు వారాలుగా ఎవరినీ నమ్మొద్దని నూరిపోసింది నేనే. బాగా నేర్చుకున్నారు. ఎర్నెస్ట్ అయితే కుక్కని కూడా నా దగ్గరికి రానివ్వలేదు. మంగళవారం మళ్ళీ గుడ్డ వేలాడింది, అందరూ పోయారు. నేను క్లిఫర్డ్‌ని ఆపేలోపే ఎర్నెస్ట్ చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు, నేనూ వెనకే పరుగెత్తాను. ఇంకో సున్నా.

నిన్న గురువారం, ఆఖరి రోజు. నోరీన్ శిలువ గీతల తీపి బన్నులు చేసుకొచ్చింది, పార్కంతా దాల్చినచెక్క వాసన. వానకోటు గేటు దగ్గర కనిపించింది, గుడ్డ ఎక్కింది, బన్నులు బల్ల కిందికి పోయాయి. ఈసారి నోరీన్ కూడా వాళ్ళతోనే పోయింది, నా మొహం చూడటం ఇష్టం లేక. నేను కదల్లేదు. క్లిఫర్డ్ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. వాడు లోపలికి వచ్చాడు. ఖాళీ గదిలో మేమిద్దరమే. రెండు అని రాసుకుంటాడు, అంతా అయిపోతుంది.

మీ బావకేం, గిరాకీ వచ్చింది. నా చెయ్యి విదిలించుకుని లేచి, ఏప్రాన్ సర్దుకుని, కొక్కేనికున్న కొత్తవాళ్ళ కప్పు తీసి, కెటిల్ పట్టుకుని నేరుగా డెస్మండ్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఐదు వారాలుగా నేను దాచిందంతా వాడి ముక్కు కిందే పోస్తున్నాడు! చుక్క కింద పడకుండా పోశాడు. "పంచదార వెయ్యమంటారా సార్?" అన్నాడు. "రెండు చెంచాలు" అన్నాడు డెస్మండ్. మొదటిసారి ఆ మనిషి టీ తాగడం చూశాను.

తరువాత క్లిఫర్డ్ కిటికీ వైపు చూశాడు. "ఈ గుడ్డ ఇక్కడెవరు పెట్టారండీ? దీని చోటు ఇది కాదే" అని విసుక్కుంటూ తీసి, నాలుగు మడతలు పెట్టి, గట్టు పక్కన మేకుకి తగిలించాడు.

నాకు తట్టనే లేదు. గుడ్డ దిగిందంటే వాడు వెళ్ళిపోయాడని కదా మా గుర్తు! వెనక తలుపు భళ్ళున తెరుచుకుంది. ముందు టాఫీ, దాని వెనక ఎర్నెస్ట్, "పోయాడ్రా సన్నాసి, బన్నులు తియ్యండి!" అని అరుస్తూ. వాడి వెనక నోరీన్, ఆ వెనక తోసుకుంటూ అందరూ. ఇరవై ముగ్గురు. వానకోటు చూసి ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబొమ్మలైపోయారు. కుక్క మాత్రం వెళ్ళి డెస్మండ్ బూటు మీద పడుకుంది.

డెస్మండ్ పుస్తకం తెరిచాడు. ఒక్కొక్కరి మొహం చూస్తూ, పెదాలు కదుపుతూ, తాపీగా లెక్కపెట్టాడు. కొత్త పేజీ తిప్పి చాలాసేపు రాశాడు. అప్పుడు క్లిఫర్డ్‌ని చూపించి "ఇంతకీ ఈయనెవరండీ?" అన్నాడు. నోరీన్ ఏదో అబద్ధం చెప్పబోయింది. నేను అడ్డుపడ్డాను. "నా మొగుడు. మతి తప్పింది. ఇంట్లో నన్నే గుర్తుపట్టడు. ఇక్కడ ముప్ఫై కప్పులూ గుర్తుపడతాడు. ఏం రాసుకుంటారో రాసుకోండి" అన్నాను. అతను రాసుకున్నాడో లేదో నేను చూడలేదు. వెళ్తూ వెళ్తూ ఒక బన్ను మాత్రం అడిగి పట్టుకెళ్ళాడు.

రాయవద్దన్నాను కదూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఒక్క సాయంత్రం గురించి తిట్టమన్నావు. తిట్టను. నాతో ముందే చెప్పొద్దూ, ఒంటరిగా ఉందని?

నీ అక్క,
బెరిల్


విట్బీ
25 ఏప్రిల్

అక్కా,

బస్సులో చదివి పైకే నవ్వేశాను, పక్కావిడ సీటు మారింది. నవ్వుతూనే ఏడ్చాను కూడా.

డెస్మండ్ ఫోన్ చేశాడు. పదకొండు రోజుల అంకెలు మార్చడానికి వీల్లేదట, మార్చడు కూడా, నాకు తెలుసు. కానీ చివర్లో అభిప్రాయం రాయడానికి నాలుగు గీతల చోటు ఉంటుంది. నాలుగూ నింపానన్నాడు. ఏం రాశావంటే మాత్రం చెప్పలేదు, "మీ అక్కాచెల్లెళ్ళకి ఏదైనా చెప్పాలంటే భయంగా ఉంది" అన్నాడు.

హోమ్ పుస్తకం పొయ్యిలో పెట్టాను.

ఏవ్రిల్


కోల్డర్‌షా
20 జూన్

ఏవ్రిల్,

బుధవారం తేల్చారు. కెఫే ఉంచుతారట. రెండేళ్ళు. రెండే ఎందుకు, మూడేళ్ళు ఎందుకు కాకూడదు? ఇందులో ఏదో మతలబు ఉంది, నేను కనిపెట్టి తీరతాను. సభలో డెస్మండ్ కాగితం చదివారు. నోరీన్ పట్టుబట్టి ఒక కాపీ తెచ్చింది. ఆ నాలుగు గీతలు ఇవి: 'పదకొండు రోజులు ఇక్కడ వెచ్చటి కుర్చీలు చూశాను. పన్నెండో రోజు వాటిలో కూర్చునేవాళ్ళని చూశాను. వారు దాక్కున్నది ఈ చోటు మీద ప్రేమతోనే. ఇక్కడ ఒకాయన పోసిన టీ తాగాను, చాలా బాగుంది.'

షరతులు పెట్టారు. టాఫీ గుమ్మం బయట ఉండాలి. ఎర్నెస్ట్ కూడా అక్కడే కూర్చుంటానని కుర్చీ బయట వేయించుకున్నాడు. కేకులు కెఫే వంటింట్లోనే చెయ్యాలి. కెటిల్ మోసేటప్పుడు క్లిఫర్డ్ పక్కన ఒకరు ఉండాలి. ఆ ఒకరు నేనే. రోజూ పదింటికి ఏప్రాన్ కట్టుకుని ఆయన పక్కనే బల్ల బల్లకీ తిరుగుతున్నాను. కొత్తగా చేరిన మనిషిననుకుంటున్నాడు. "కప్పు నిండా పొయ్యకూడదమ్మా" అని పని నేర్పుతున్నాడు.

నువ్వు వచ్చే నెల వస్తానన్నావుగా, రెండు వారాలు కాదు, నెల ఉండు. మేడ మీద గది మాకూ ఉంది. నిన్న కెఫేలో ఆ సంగతే నోరీన్‌తో చెబుతున్నాను, విట్బీ నుంచి మా చెల్లెలు వస్తోంది అని. కాసేపయ్యాక చూస్తే క్లిఫర్డ్ అరలోంచి నీలం కప్పు ఒకటి తీసి, తుడిచి, కిటికీ పక్క ఖాళీ కొక్కేనికి తగిలిస్తున్నాడు.

"ఎవరికండీ అది?" అన్నాను.

"బెరిల్ చెల్లెలికి" అన్నాడు.

నా సంగతి నీకు తెలుసు, దేన్నైనా నాలుగుసార్లు గుచ్చి గుచ్చి అడిగితే గానీ నమ్మను. బెరిల్ అంటే ఎవరని మాత్రం నేను అడగలేదు.

త్వరగా రా. నీ కప్పు ఎదురుచూస్తోంది.

నీ అక్క